హృద్రోగము, వ్యాయామము, రక్తనాళములు: ఒక చారిత్రక పరిశీలన

గుండెపోటు వచ్చినవాడు మంచము దిగరాదనుట ఇరువదవ శతాబ్ది నడిమి వరకు వైద్యులకును గృహస్థులకును గూడ తిరుగులేని నియమముగ నుండెను. పక్కమీద లేచి కూర్చుండుట, తన చేతితో తాను అన్నము తినుట, గడ్డము గీసికొనుట సైతము అపచారములుగ నెంచబడెను. నేడు అట్టి రోగినే కొలది దినములలో లేపి నడిపించి, ఇంటికి పంపునప్పుడు మందులతో పాటు ప్రతిదినము ఇంత నడువవలెనని గూడ వ్రాసి యిచ్చుచున్నారు. ఒక తరమువారు నిషేధించినదానిని తరువాతి తరమువారు ఔషధముగ విధించుట వైద్యచరిత్రలో తరచుగ జరుగు విషయము కాదు. ఈ మార్పు వైద్యుల యభిరుచి మారుటచేత మాత్రమే వచ్చినది కాదు. రక్తనాళము ఉత్త గొట్టము కాదనియు, దాని లోపలి పొర సజీవమై నెత్తుటి పారుదల నెరిగి ప్రవర్తించు నవయవమనియు తెలిసిన పిదపనే దీనికి గట్టి యాధార మేర్పడెను. ఆ తెలిసిన విధమును, త్రోవలో జరిగిన పొరపాట్లును, ఇప్పటికిని మిగిలియున్న హద్దులును ఇచ్చట పరిశీలింపబడుచున్నవి.

కథ 1768వ సంవత్సరమున లండను నగరమున ప్రారంభమగును. ఆ యేట విలియం హెబర్డెన్ అను వైద్యుడు అచ్చటి వైద్యుల కళాశాల యెదుట ఒక రొమ్మునొప్పిని గూర్చి ప్రసంగించెను. 1772లో అది అచ్చుపడెను. నడచునప్పుడు, విశేషించి మెట్ట యెక్కునప్పుడును భోజనమైన వెంటనే నడచునప్పుడును, రొమ్మును ఎవరో నొక్కిపట్టినట్లు నొప్పి కలుగుననియు, నిలిచిపోయినంతనే ఆ నొప్పి మాయమగుననియు ఆయన వర్ణించెను. ఆయన యిడిన ‘యాంజైనా పెక్టోరిస్’ అను పేరే నేటికిని నిలిచినది; తెలుగున దీనిని హృచ్ఛూల యనుచున్నాము. నడచిన వచ్చు నొప్పికి నడవకుండుటయే మందని యెవ్వరికైనను తోచును. హెబర్డెన్ సుమారు నూరుగురు రోగులను చూచి, నిశ్చలత్వము, వెచ్చదనము, నల్లమందు మున్నగు ఉపశమనములనే చెప్పెను. అయినను ఆయన మరణానంతరము 1802లో వెలువడిన గ్రంథమున ఒక చిన్న ముచ్చట కలదు. ఆయన యెరిగిన రోగి యొకడు దినమున కరగంట చొప్పున కట్టెలు కోయుట నియమముగ పెట్టుకొని, వ్యాధి దాదాపు నయము చేసికొనెనట. హెబర్డెన్ దీనికి కారణము చెప్పలేదు; చెప్పుటకు యత్నింపనును లేదు. తన సిద్ధాంతమునకు ఎదురుగ నున్న సంగతిని దాచక వ్రాసిపెట్టుట ఆయన నిజాయితీ. ఆ వాక్యమునకు రెండు శతాబ్దముల తరువాత గాని సరియైన వ్యాఖ్యానము రాలేదు.

ఈ వ్యాధి హృదయమునకు నెత్తురు నందించు ధమనులలో నున్నదని హెబర్డెనునకు తెలియదు. మశూచికపు టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరునకు ఆ సంశయము ముందే కలిగినది. అట్టి రోగుల శవములను కోసి చూచినప్పుడు హృద్ధమనులు గట్టిపడి యుండుట ఆయన కనుగొనెను. కాని తన గురువైన జాన్ హంటరే యా నొప్పితో బాధపడుచుండుటచే, ఆయన మనసు నొచ్చునని ఆ సంగతి ప్రకటింప వెనుదీసెను. హంటరు తన ప్రాణము తన్ను కోపింపజేయదలచిన యెట్టి దుర్మార్గుని చేతిలోనైనను ఉన్నదని చెప్పుకొనుచుండెడివాడని ప్రసిద్ధి. 1793 అక్టోబరున సెయింట్ జార్జి ఆసుపత్రి సమావేశమున మాటామాటా పెరిగి, ఆయన పక్కగదిలోనికి పోయి అచ్చటనే ప్రాణము విడిచెను. శవపరీక్షలో హృద్ధమనులు ఎముకవలె గట్టిపడి యుండెను. 1799లో కేలెబ్ పారీ ఈ ధమనీ దోషమునే వ్యాధికి మూలముగ గ్రంథస్థము చేసెను. అప్పటినుండి నాళము బిరుసెక్కి సన్నబడిన గొట్టమను భావము పాతుకొనెను. బిరుసెక్కిన గొట్టమును నడకచే మెత్తబరుపవచ్చునని యెవరు నమ్ముదురు?

అయినను పందొమ్మిదవ శతాబ్దిలో ఎదురుగొంతులు లేకపోలేదు. డబ్లిను నగరపు విలియం స్టోక్సు 1854లో ప్రకటించిన హృద్రోగ గ్రంథమున, దుర్బలమైన గుండె గలవారికి సమతలముపై క్రమముగ పెంచు నడక మేలని వ్రాసెను. 1880 ప్రాంతములలో మ్యూనిక్కునందలి మాక్స్ ఓర్టెల్ కొండదారులను వాలునుబట్టి తరగతులుగ విభజించి, రోగులను తేలికదారి నుండి కష్టమైన దారికి నెలల తరబడి నడిపించు పద్ధతి నేర్పరచెను. జర్మను ఆరోగ్యపురములలో ఆ దారులకు గుర్తులు సైతము నాటిరి. ఈ పద్ధతి కొంతకాలము మోజుగ నుండి, తరువాత అడుగంటెను. దాని ఫలితములను కొలుచు సాధనము లేకుండుటయే అందులకు ముఖ్యకారణము. రోగి బాగుగ నున్నానని చెప్పుట తప్ప వేరు సాక్ష్య మేదియు ఓర్టెలు కడ లేదు.

దానిని పూర్తిగ త్రోసివేసినది మాత్రము విజ్ఞానాభివృద్ధియే. 1912లో చికాగో వైద్యుడు జేమ్సు హెరిక్ హృద్ధమనిలో నెత్తురుగడ్డ యడ్డుపడుటచే వచ్చు గుండెపోటును, అది వచ్చియు రోగి బ్రదుకవచ్చుననుటను స్పష్టముగ నిరూపించెను. బ్రదికినవానిని కాపాడుట ఎట్లు? సంపూర్ణ విశ్రాంతి యని ఆయన సమాధానము. 1939లో మలోరీ, పాల్ డడ్లీ వైట్, సాల్సెడో-సల్గార్ అను మువ్వురు 72 హృదయములను శవపరీక్ష చేసి, చచ్చిన కండరము కరగి దాని స్థానమున గట్టి మచ్చ యేర్పడుటకు ఆరు వారముల ప్రాంతము పట్టునని తేల్చిరి. మచ్చ గట్టిపడకముందే కదలిన గుండె పగులునన్న భయము దీనితో శాస్త్రీయ వేషము ధరించెను. ఆరు మొదలు ఎనిమిది వారముల మంచపు వాసము, అటుపై నెలల కొలది యింటిపట్టున నుండుట లోకరీతియయ్యెను. పలువురు మరల పనిలో చేరలేకపోయిరి. రొమ్మునొప్పి కంటె దానివలన వచ్చిన నిరుద్యోగమే కుటుంబములను ఎక్కువగ క్రుంగదీసినదనుట అతిశయోక్తి కాదు. మంచముపై కదలక పడియున్నవారి కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు ప్రాకి చంపుటయు కలదు. రోగముచే గాక చికిత్సచే వచ్చిన మరణములని వానిని గుర్తించుటకు చాల కాలము పట్టెను.

ఆ కట్టును మొదట సడలించినవాడు బోస్టను వైద్యుడు శామ్యూల్ లెవైన్. ఆయన తన శిష్యుడు బెర్నార్డ్ లౌన్‌తో కలిసి 81 మంది రోగులను మొదటి వారముననే మంచము నుండి లేపి చేతుల కుర్చీలో కూర్చుండబెట్టెను. 1952లో ప్రకటితమైన ఆ వ్యాసము పేరే ‘చేతుల కుర్చీ చికిత్స’. కుర్చీలో కూర్చుండుట వ్యాయామము కాదు. కాని రోగి నేలపై పాదము మోపెను. భయపడిన ఉపద్రవములు రాలేదు.

మరుసటి యేట, 1953లో, లండనులో వేరొక దిక్కునుండి వెలుగు వచ్చెను. జెరెమీ మోరిస్ అను పరిశోధకుడు లండను రవాణా సంస్థలో పనిచేయు 35 మొదలు 64 యేండ్ల వయసుగల సుమారు 31,000 మంది పురుషుల ఆరోగ్యమును పరిశీలించెను. అచ్చటి బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు పనివేళయంతయు ఆసనమున కదలక కూర్చుండును. కండక్టరు దినమునకు 500 మొదలు 750 మెట్ల వరకు ఎక్కి దిగుచు టిక్కెట్లు కోయును. ఇరువురిదియు ఒకే బస్సు, ఒకే వీధి, ఇంచుమించుగ ఒకే జీతము. అయినను కండక్టర్లలో హృద్ధమనీ వ్యాధి తక్కువగ నుండుటయు, వచ్చినను తొలిదినములలో చనిపోవుట డ్రైవర్లలో కంటె చాల అరుదుగ నుండుటయు తేలెను. తపాలా యుద్యోగులలో గూడ ఉత్తరములు పంచువారికిని, బల్లయొద్ద కూర్చుండు గుమాస్తాలకును ఇట్టి భేదమే కనబడెను.

మోరిస్ అచ్చటనే యాగియుండిన ఆయన పేరు ఇంత నిలిచి యుండెడిది కాదు. తన వాదమును తానే శంకించెను. ఉద్యోగమున చేరునప్పుడే డ్రైవర్లు స్థూలకాయులేమో? వారికి సంస్థ యిచ్చు యూనిఫారముల కొలతలను తెప్పించి చూడగా, నిజముగనే డ్రైవర్ల నడుము చుట్టుకొలత మొదటినుండియు ఎక్కువగ నుండెను. 1956లో ఆ సంగతిని గూడ ఆయనయే ప్రకటించెను. దర్జీల పద్దుల నుండి వైద్యశాస్త్ర సత్యము నేరుట ముచ్చటైన విషయము. కావున కండక్టరు మేలంతయు మెట్లదేయనుట కుదురదు. ఎవరు ఏ పనిని ఎన్నుకొందురనునది గూడ లెక్కలోనికి రావలెను. పనిచేయువారినే చూచి తీర్మానింపక, కొందరకు వ్యాయామమిచ్చి కొందరకు ఈయక పోల్చిచూడవలెనను విధి దీని నుండియే బలపడెను.

మోరిస్ వెదకిన భేదము తెలుగువారి వలసచరిత్రలోను కనబడకపోదు. షోలాపురమున తరములుగ స్థిరపడిన పద్మశాలీల మగ్గములే యిందులకు సాక్షి. గుంటమగ్గముపై కూర్చున్న నేతగాడు కాళ్లతో తొక్కుళ్లు తొక్కుచు, ఒక చేత నాడె విసరుచు, మరియొక చేత పలక కొట్టుచు పొద్దంతయు సర్వాంగములను ఆడించును. మరమగ్గములు వచ్చిన పిదప కాళ్లచేతుల ఆ యాట యంత్రమునకు పోయి, మనిషికి తెగిన పోగు నతుకుచు కాచుకొనియుండుట మిగిలెను. ఇంటిల్లిపాదియు చెమటోడ్చి చేసిన పని ఒక్క తరములో కావలి పనిగ మారినది.

పైన పేర్కొన్న పాల్ డడ్లీ వైట్ పేరు ఈ చరిత్రలో మరల మరల వచ్చును. మంచపు వాసమునకు ఆధారమైన 1939 నాటి పరిశోధనలో భాగస్వామియైన యీతడే, 1955 సెప్టెంబరు 24న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చినప్పుడు చికిత్సకు పిలువబడెను. అధ్యక్షుని క్రమముగ లేపి నడిపించి మరల పదవీభారము వహింపజేసిరి. ఆయన 1956లో మరల యెన్నికైనాడు. గోల్ఫు ఆడుటయు మానలేదు. గుండెపోటు బ్రదుకునకు ముగింపు కాదని లోకము నమ్ముటకు ఏ వైద్య వ్యాసము కంటెను ఈ వార్తలే యెక్కువ పనిచేసినవి. వైట్ స్వయముగ సైకిలు త్రొక్కుటలో ప్రసిద్ధుడు.

1961లో వైట్ మరియొక వైద్యునితో కలిసి ఒక విచిత్రమైన శవపరీక్ష వివరములను ప్రకటించెను. క్లారెన్సు డెమార్ అను అమెరికను పరుగుపందెగాడు బోస్టను మారథానును ఏడుమారులు గెలిచెను. 1911లో మొదటి గెలుపునకు ముందు గుండెలో చప్పుడున్నదని వైద్యులాతనిని పరుగు మానుమనిరి. ఆతడు మానక, అర్ధశతాబ్దము పరుగెత్తి, 1958లో 70 ఏండ్ల వయసున కాన్సరుచే మరణించెను. ఆతని హృద్ధమనులు సామాన్యుల ధమనుల కంటె రెండు మూడు రెట్లు వెడల్పుగ నుండెను. వానిలో కొవ్వుపొర యేర్పడకపోలేదు. కాని దారి విశాలమగుటచే నెత్తురు పారుదలకు అడ్డము లేదు. ఒక్కని శవము శాస్త్రమును నిరూపింపదు. అయినను రక్తనాళపు వెడల్పు పుట్టుకతో వచ్చి యట్లే యుండిపోవునది కాదేమో యన్న ఆలోచనకు ఇది బలమిచ్చెను.

కదలకుండుటచే కలుగు చెరుపును డల్లాసులో 1966లో జరిగి, 1968లో ప్రకటితమైన పరిశోధన బయటపెట్టెను. ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను 20 దినములు మంచముపై నుంచగా, వారి శరీరము గరిష్ఠముగ వినియోగింపగల ప్రాణవాయువు పరిమాణము పావువంతునకు పైగ తగ్గెను. ముప్పది యేండ్ల తరువాత ఆ అయిదుగురినే మరల పరీక్షింపగా, ముప్పది యేండ్ల ముసలితనము చేసిన నష్టము కంటె నాటి మూడు వారముల మంచపు వాసము చేసిన నష్టమే ఎక్కువని తేలెను. ఇరువదేండ్ల వాని గతి యిట్లుండగా, గుండెపోటుచే దెబ్బతిన్న యేబదియేండ్ల వానిని ఎనిమిది వారములు పరుండబెట్టుట ఎంతటి క్రౌర్యమో ఊహింపదగును.

ఈ విధముగ 1970 నాటికి వ్యాయామము రోగికి మేలు చేయునని యంగీకరించువారు పెరిగిరి. కాని ఏ తీరున మేలు చేయును? 1957లో ఎక్‌స్టీన్ కుక్కల హృద్ధమనులను సన్నగిల్లజేసి పరుగెత్తించగా, అడ్డముపడిన దారి చుట్టును క్రొత్త ఉపనాళములు పెరుగుట చూచెను. మనుష్యులలోను అట్లే జరుగునని ఆశించిరి. కాని శిక్షణ పొందిన రోగుల నాళములను ఎక్స్-రే చిత్రములలో చూడగా అట్టి పెంపు అంతగ కనబడలేదు. దీనికి వేరుసమాధానమును చెప్పినవారు, లాభమంతయు గుండె వెలుపల నున్నదనిరి: శిక్షణ పొందిన కండరములు నెత్తుటి నుండి ప్రాణవాయువును బాగుగ గ్రహించును, కావున అదే పనికి గుండె తక్కువ మారులు కొట్టుకొనును, రక్తపుపోటు తక్కువగ నుండును, నొప్పి ఆలస్యముగ వచ్చును. ఇది నిజమే, నేటికిని నిజమే. కాని హెబర్డెను రోగి కథకు ఇది సగము సమాధానమే. తక్కిన సగము నాళపు లోపలి పొరలో దాగియుండెను.

ఆ పొర పేరు ఎండోథీలియము. ఒక్క కణము మందముగల యీ పొరను చాలకాలము గోడకు వేసిన సున్నమువంటిదిగనే భావించిరి. న్యూయార్కు నగరపు బ్రూక్లినులో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను పరిశోధకుడు కుందేలు ధమని ముక్కలపై ఔషధములు పోసి, అవి ముడుచుకొనుటను కొలుచుచుండెడివాడు. ఎసిటైల్‌కోలీను వంటి పదార్థము తగిలిన ఆయన పలకలలో ధమని ఎల్లప్పుడు ముడుచుకొనెడిది. బ్రదికియున్న జంతువునకు ఎక్కించిన మాత్రము నాళములు విప్పారెడివి. ఈ పరస్పర విరోధము ఏండ్ల తరబడి చిక్కుముడిగ నుండెను. 1978లో ఒక ప్రయోగము అనుకొన్న వరుస తప్పి జరిగెను. ముడుచుకొనవలసిన ముక్క విప్పారెను. పొరపాటును చీవాట్లతో సరిపెట్టక, ఫర్చ్‌గాట్ దాని వెంటపడెను. తాను ధమనిని కోసి పరచునప్పుడు లోపలి తలము వస్తువులకు రాచుకొని ఎండోథీలియము ఊడిపోవుచున్నదని చివరకు కనుగొనెను. పొర యున్న ముక్క విప్పారును, ఊడిన ముక్క ముడుచుకొనును. జవాడ్‌జ్కీతో కలిసి 1980లో దీనిని ప్రకటించెను. ఆ పొర ఏదో యొక పదార్థమును విడిచి, దాని క్రిందనున్న కండరమును సడలించుచున్నదన్నమాట.

ఆ పదార్థము నైట్రిక్ ఆక్సైడు అను వాయువని 1987 నాటికి ఇంగ్లండున మోంకడా బృందమును, అమెరికాలో లూయీ ఇగ్నారోయును తేల్చిరి. పొగగొట్టములలోను మోటారుబండ్ల పొగలోను వెలువడు వాయువు శరీరమున వార్తాహరునిగ పనిచేయుట లోకమునకు వింతగ తోచెను. 1977లోనే ఫెరిడ్ మురాడ్, రొమ్మునొప్పికి వాడు నైట్రోగ్లిసరిను సైతము ఇదే వాయువును విడిచి పనిచేయునని చూపియుండెను. హృచ్ఛూలకు ఆ మందును విలియం మరెల్ 1879లోనే వెలువరించియుండెను. డైనమైటును కనిపెట్టి ఆ నైట్రోగ్లిసరినుతోనే ధనవంతుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెలునకు చివరి దినములలో గుండెజబ్బునకు వైద్యులదే మందును వ్రాసియిచ్చిరి. 1998లో ఆయన పేరిటి బహుమానము ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాడ్ మువ్వురకు లభించెను.

ఇక రోగుల సంగతి. 1986లో బోస్టనులోని ఒక బృందము మనుష్యుల హృద్ధమనిలోనికే ఎసిటైల్‌కోలీను ఎక్కించి చూచెను. ఆరోగ్యముగ నున్న నాళము విప్పారెను. కొవ్వుపట్టిన నాళము ముడుచుకొనెను. అనగా వ్యాధిగ్రస్తమైన ధమని సన్నబడుటయే గాక, విప్పారవలసిన వేళ మూసికొనుటకు చూచుచున్నది. రోగి మెట్లెక్కునప్పుడు గుండెకు నెత్తురు ఎక్కువ కావలసిన క్షణముననే దారి యిరుకగును. హెబర్డెను వర్ణించిన నొప్పిలో ఈ విపరీతబుద్ధికి గూడ పాలున్నది. 1992లో సెలెర్‌మాయర్ మున్నగువారు లండనులో, చేతికి పట్టీ బిగించి కొన్ని నిమిషములు నెత్తురాపి వదలి, మోచేతికి పైభాగపు ధమని ఎంత విప్పారునో అల్ట్రాసౌండుతో కొలుచు సులభమార్గమును చూపిరి. ఓర్టెలునకు లేని కొలబద్ద నూరేండ్ల పిమ్మట వైద్యుల చేతికి వచ్చెను.

వ్యాయామము ఆ పొరపై పనిచేయు తీరు కాలువలు చూచిన వారికి సులభముగ తెలియును. కాలువలో నీరు వడిగ పారునప్పుడు గట్టును ఒరసికొని పోవును. ఆ ఒరపిడియే గట్టును మలచును. నడచునప్పుడు నెత్తుటి వడి పెరిగి, ఎండోథీలియపు కణములను ఒరయును. ఆ కణములు ఆ ఒరపిడిని గుర్తించి నైట్రిక్ ఆక్సైడును తయారుచేయు ఎంజైమును చురుకుపరచును. ప్రతిదినము ఇట్లు జరిగిన ఆ ఎంజైము పరిమాణమే పెరుగును. 1994లో కుక్కలను పదిదినములు పరుగెత్తించి చేసిన పరీక్షలో ఇది హృద్ధమనులలోనే కనబడెను. నైట్రిక్ ఆక్సైడు నాళమును విప్పుటతో ఊరకుండదు. నెత్తుటిలోని ప్లేట్‌లెట్లు గోడకంటుకొనకుండ చేయును, వాపును తగ్గించును. కాలువ పోలిక ఒక్క చోట చెల్లదు: ఒరపిడి మట్టిగట్టును కోసివేయును, సజీవమైన నాళమును మాత్రము బాగుచేయును.

ఈ సిద్ధాంతమును రోగుల గుండెలోనే పరీక్షించినది జర్మనీలోని లైప్‌జిగ్ నగరపు బృందము. రైనర్ హాంబ్రెక్ట్ మున్నగువారు 2000లో ప్రకటించిన పరిశోధనలో రోగులు 19 మందియే. పదిమంది నాలుగు వారములు ఆసుపత్రిలో నుండి దినమునకు ఆరుమారులు, మారునకు పది నిమిషముల చొప్పున నిలుకడ సైకిలు త్రొక్కిరి, తొమ్మండుగురు యథాప్రకారముండిరి. పిమ్మట హృద్ధమనిలోనికి ఎసిటైల్‌కోలీను ఎక్కించి చూడగా, త్రొక్కినవారిలో ఆ విపరీతపు ముడుత 54 శాతము తగ్గెను. నెత్తుటి పారుదల నిలువ సైతము పెరిగెను. త్రొక్కనివారిలో మార్పులేదు. సంఖ్య స్వల్పమే, కాని ప్రశ్న సూటియైనది, కొలత సూటియైనది. 2003లో అదే బృందము బైపాసు శస్త్రచికిత్సకు వేచియున్న రోగులలో కొందరకు నాలుగు వారములు శిక్షణ యిచ్చెను. శస్త్రచికిత్స వేళ దొరకిన రొమ్ముధమని తునకలను పరీక్షింపగా, శిక్షణ పొందినవారి ధమనిలో పైన చెప్పిన ఎంజైము పరిమాణమును చైతన్యమును పెరిగియుండెను. 1994లో కుక్కలలో చూచినదానిని తొమ్మిదేండ్లకు మనుష్యునిలో చూడగలిగిరి.

నాళమున పేరుకొన్న కొవ్వు తరుగునా యనునది వేరు ప్రశ్న. 1993లో ఈ పరిశోధకులే ఖాళీవేళ వ్యాయామమునకు వారమునకు సుమారు 1,500 కిలోకేలరీలు వెచ్చించువారిలో వ్యాధి ముదురకుండుటయు, సుమారు 2,200 వెచ్చించువారిలో కొంత వెనుకకు తగ్గుటయు చూచిరి. రెండవ సంఖ్య అనగా వారమునకు అయిదారు గంటల శ్రమ. గుండెజబ్బు గలవానికి ఇది అల్పము కాదు. పొర బాగుపడుట వారములలో, కొవ్వు తరుగుట యేండ్లలో జరుగు పనులని ఇందువలన గ్రహింపవచ్చును. నొప్పి తగ్గుటకు మాత్రము మొదటిదియే చాలవరకు చాలును.

2004లో వెలువడిన హాంబ్రెక్టు పరిశోధన మరింత సాహసముతో కూడినది. నిలుకడైన హృచ్ఛూల గల 101 మంది పురుషులలో కొందరకు స్టెంటు వేసిరి; తక్కినవారిని ఒక యేడాది ప్రతిదినము 20 నిమిషములు సైకిలు త్రొక్కించిరి. ఏడాది గడచునప్పటికి ఏ ఉపద్రవమును లేక బయటపడినవారు త్రొక్కినవారిలో 88 శాతము, స్టెంటువారిలో 70 శాతము. ఖర్చు గూడ త్రొక్కుటకే సుమారు సగము. దీనిని పట్టుకొని స్టెంటు దండుగ యనువారు తొందరపడుచున్నారు. అందరును పురుషులే, సంఖ్య కొలదియే, వాడినవి పూర్వపు రకపు స్టెంటులు, లెక్కకు వచ్చిన ఉపద్రవములలో ఎక్కువ భాగము మరల ఆసుపత్రిలో చేరుటయే గాని మరణములు కావు. గుండెపోటు వచ్చుచున్న క్షణమున మూసికొనిన నాళమును తెరచుటకు సైకిలు ఎంతమాత్రము బదులు కాదు. కాని స్టెంటు వేసినది ఒక్క చోటను, వ్యాయామము పనిచేసినది ధమనులన్నిటను అన్న వారి వివరణ మాత్రము నిరాకరింపరానిది.

హద్దులను గూర్చియు చెప్పవలెను. 2009లో ఇటీవలనే గుండెపోటు వచ్చిన 209 మందిపై జరిగిన పరీక్షలో నడక, సైకిలు వంటి శ్రమయైనను, బరువులెత్తు శ్రమయైనను, రెండును కలిపినను నాలుగు వారములలో నాళపు విప్పారుట సమానముగ మెరుగుపడెను. ఒక నెల మానగా మరల యథాస్థితికి వచ్చెను. కావున వ్యాయామము ఒకమారు పుచ్చుకొని మరచు మందు కాదు. ఉప్పు పప్పుల వలె నిత్యము కావలసినది. తీవ్రమైన శ్రమను విరామములతో చేయుట మేలా, మధ్యరకపు శ్రమను నిలకడగ చేయుట మేలా యను వివాదమున, 2015లో బెల్జియములో 200 మంది రోగులపై జరిగిన పరీక్ష రెండిటికిని భేదము లేదని తేల్చెను. 2021లో 85 పరీక్షలను, వానిలోని 23,000కు పైబడిన రోగులను కలిపి చూచిన సమీక్షలో హృద్రోగ మరణములును, ఆసుపత్రి చేరికలును తగ్గినవి. సమస్త కారణముల మరణములు తగ్గుట మాత్రము స్పష్టముగ లేదు.

హఠాత్తుగ చేయు శ్రమ ప్రమాదకరమనుటయు నిజమే. 1993లో అమెరికాలో గుండెపోటు వచ్చిన 1,228 మందిని విచారింపగా, ఎన్నడును శ్రమ యెరుగనివారిలో ఒక్కుమ్మడి బరువైన పని చేసిన గంటలో ప్రమాదము నూరు రెట్లకు పైగ పెరుగుచున్నట్లును, వారమునకు అయిదు మారులు శ్రమించువారిలో రెండున్నర రెట్లును మించనట్లును కనబడెను. ప్రమాదము శ్రమలో లేదు, అలవాటు లేకుండుటలో నున్నది. మన ప్రాచీన వైద్యులకు హృద్ధమనులను గూర్చి తెలియదు. వారికి తెలిసినదని చెప్పుట వారికి గౌరవము కాదు. కాని మోతాదును గూర్చి వారెరుగుదురు. వాగ్భటుడు బలవంతునికి గూడ తన శక్తిలో సగమునకే వ్యాయామము విధించెను; సుశ్రుతుడు ఊపిరి నోటికి వచ్చుటను ఆ సగమునకు గుర్తుగ చెప్పెను. నేటి వైద్యశాలలో నడిచెడివానిని మాటలాడుచు నడువగల వేగమున మాత్రమే నడువుమని చెప్పుటయు ఇట్టి కొలతయే.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 1967లో మల్హోత్రా రైల్వే ఉద్యోగుల లెక్కలు చూచి, హృద్ధమనీ వ్యాధి మరణములు దక్షిణాదివారిలో ఉత్తరాదివారి కంటె ఏడు రెట్లు హెచ్చని ప్రకటించెను. కారణము శ్రమలో గాక భోజనములో నున్నదని ఆయన తలచెను. యానాము నానుకొనియున్న నాటి తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04 ప్రాంతమున ఒక యేడాది సంభవించిన 1,354 మరణములను విచారింపగా, వానిలో 32 శాతము గుండె, రక్తనాళముల వ్యాధులచేతనే జరిగినవి. ఇవి పట్టణములు కావు. పొలము గట్లపై నడక యెరిగిన పల్లెలు. ఆ పల్లెల రోగికి లైప్‌జిగ్ వంటి ఆసుపత్రియు సైకిలును ఎచ్చట దొరకును?

ఈ కొరతను ఎదుట నుంచుకొనియే భారతదేశమున 24 ఆసుపత్రులలో గుండెపోటు వచ్చిన 3,959 మందిపై యోగాధారిత శిక్షణను పరీక్షించిరి. ఖరీదైన సాధనములు అక్కరలేదు. ఆసనములు, ప్రాణాయామము, ధ్యానము, జీవనవిధానమును గూర్చిన సలహా. 2020లో వెలువడిన ఫలితమున మరణము, మరల గుండెపోటు మున్నగు పెద్ద ఉపద్రవములలో శిక్షణ పొందినవారికిని పొందనివారికిని గణింపదగిన భేదము కనబడలేదు: ఒకరిలో 6.7 శాతము, మరియొకరిలో 7.4 శాతము. కాని శిక్షణ పొందినవారు తమ యారోగ్యము మెరుగుగ నున్నదని చెప్పుటయే గాక, గుండెపోటునకు పూర్వము చేయుచుండిన పనులకు ఎక్కువగ మరలిరి. అనుకొన్నన్ని ఉపద్రవములు జరుగకుండుటచే సూక్ష్మభేదములను తేల్చు శక్తి ఆ పరీక్షకు చాలలేదని దానిని చేసినవారే అంగీకరించిరి.